మోటారు ప్రొటీన్ల నిర్మాణం చదవాలంటే: ఏ పద్ధతి అన్నది రెండో ప్రశ్న

మీ ప్రశ్న నాకు అర్థమైంది ఇది: పీహెచ్‌డీలో కొత్తగా చేరారు, కణంలో సరుకు మోసే మోటారు ప్రొటీన్ల నిర్మాణం మీద పని చేయాలనుకుంటున్నారు. అలాంటి మోటార్లలో కైనెసిన్ తీసుకోవాలా, డైనీన్ తీసుకోవాలా? క్రిస్టల్ పెంచి ఎక్స్-రేలతో చూడాలా, గడ్డకట్టించి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో చూసే క్రయో-ఈఎం చేయాలా? ప్రొటీన్ నిర్మాణాన్ని కంప్యూటర్‌లోనే ఊహించే ఆల్ఫాఫోల్డ్ ఉండగా ఇంత శ్రమ దేనికి? వీలైతే కణం లోపలే నేరుగా చూడలేమా? నాలుగు ప్రశ్నలూ ఒకే గుక్కలో అడిగేశారు. ఈ పని చేస్తూ పదిహేనేళ్లు దాటాయి, చాలా గ్రిడ్లు (మైక్రోస్కోప్‌లో పెట్టడానికి ప్రొటీన్‌ను గడ్డకట్టించే చిన్న జాలీ బిళ్లలు) పాడుచేశాను, కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను.

సూటి జవాబు: మొదటి ప్రాజెక్టుకి కైనెసిన్ తీసుకోండి. దాని తల భాగాన్ని, అంటే మోటార్ డొమైన్‌ని మాత్రం తయారుచేసి, మైక్రోట్యూబ్యూల్ మీద, అంటే అది నడిచే గొట్టం లాంటి పట్టా మీద, కూర్చోబెట్టి క్రయో-ఈఎంలో చూడండి. పక్కనే ఒక చలన పరీక్ష నడుపుతూ ఉండండి. ఆల్ఫాఫోల్డ్‌ని మొదటి రోజే వాడండి, కానీ తొలి ఊహగా మాత్రమే. డైనీన్ జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. కణం లోపల చూడటం కొన్ని మోటార్లకు బ్రహ్మాండంగా కుదురుతుంది, మీరు అనుకుంటున్న వాటికి మాత్రం ఇంకా కష్టం.

ఇదంతా ఒక ఎత్తు. మీరు అడగని ప్రశ్న ఒకటి ఉంది, నా లెక్కలో ముందు తేల్చుకోవాల్సింది అదే: ఆ మోటారును ఏ క్షణంలో పట్టుకోబోతున్నారు?

మోటారు అంటేనే ఆకారం మార్చుకుంటూ బతికేది. రెండు తలలతో నడిచే కైనెసిన్‌నే చూడండి. మైక్రోట్యూబ్యూల్ గోడలో ట్యుబులిన్ అనే ప్రొటీన్ జంటలు 8 నానోమీటర్లకొకటి చొప్పున వరసగా ఉంటాయి. కైనెసిన్ ఒక ఏటీపీ (కణానికి ఇంధనం లాంటి అణువు) ఖర్చుపెట్టి ఒక జంట మీద నుంచి తర్వాతి జంట మీదికి వెళ్తుంది. సెకనుకి వంద అడుగుల దాకా వేస్తుంది. అంటే ఒక్కో అడుగుకి సెకనులో వందో వంతు సమయం. ఆ కాస్త సమయంలోనే తల వచ్చి పట్టాను పట్టుకోవాలి, లోపలున్న ఏడీపీని (ఏటీపీ విరిగాక మిగిలేదాన్ని) వదలాలి, ఏటీపీని తీసుకోవాలి, దాన్ని విరగ్గొట్టాలి, ఫాస్ఫేటును బయటికి తోసి పట్టు సడలించాలి. వీటిలో ప్రతి దశకీ ఆకారంలో చిన్నదో పెద్దదో మార్పు ఉంటుంది. మీరు గ్రిడ్ మీద గడ్డకట్టించేది వీటిలో ఒకదాన్ని. అది ఏదో మీకు తెలియకపోతే, చేతిలో ఎంత స్పష్టమైన బొమ్మ ఉన్నా దాని గురించి ఏమీ చెప్పలేరు.

దీనికి ఈ రంగంలోనే ఒక మంచి ఉదాహరణ ఉంది. కైనెసిన్‌ని 1985లో స్క్విడ్ నాడీతంతువుల నుంచి రోనాల్డ్ వేల్, థామస్ రీస్, మైకేల్ షీట్జ్ బయటికి తీశారు. 1996లో మనిషి కైనెసిన్ తల క్రిస్టల్ నిర్మాణం 1.8 ఆంగ్‌స్ట్రామ్‌ల స్పష్టతతో వచ్చింది (ఆంగ్‌స్ట్రామ్ అంటే నానోమీటరులో పదో వంతు, అంకె తగ్గేకొద్దీ బొమ్మ స్పష్టం). లోపల ఏడీపీ ఉంది. కానీ నెక్ లింకర్ కనిపించలేదు. నెక్ లింకర్ అంటే తలను మిగతా ఒంటికి కలిపే పదిహేను అమైనో ఆమ్లాల చిన్న ముక్క. ఒక తల ముందుకు రావాలంటే దాన్ని లాక్కొచ్చేది ఇదే. అది ఎటంటే అటు ఊగుతూ ఉండటం వల్ల క్రిస్టల్‌లో దాని జాడ చిక్కలేదు. మరుసటి ఏడాది ఎలుక కైనెసిన్ నిర్మాణం వచ్చింది. దాన్లోనూ ఏడీపీయే. అయితే ఈసారి నెక్ లింకర్ తలకు అతుక్కుని బుద్ధిగా కూర్చుని ఉంది!

రెండిట్లోనూ అదే ఏడీపీ, దాదాపు అదే ప్రొటీన్. మరి ఏది నిజం? రెండూ నిజమే. పట్టా మీద లేనప్పుడు ఆ ముక్కకు అతుక్కోవడమూ ఒకటే, ఊగడమూ ఒకటే, రెండిటి మధ్యా పెద్ద తేడా లేదు. క్రిస్టల్‌లో పక్క అణువులు ఎటు నొక్కితే అటు ఒరుగుతుంది. చిక్కుముడి విడింది 1999లో. తలను మైక్రోట్యూబ్యూల్ మీద ఉంచి, ఏటీపీని పోలిన నకలు అణువు ఇచ్చి, స్పిన్ లేబుల్, ఫ్లోరసెన్స్, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ అన్నీ కలిపి చూశారు. పట్టా మీద ఉన్నప్పుడు, ఏటీపీ లాంటిది దొరికితేనే నెక్ లింకర్ ముందుకు ఒరిగి అతుక్కుంటుందని తేలింది. 1.8 ఆంగ్‌స్ట్రామ్‌ల బొమ్మ చెప్పలేకపోయిన సంగతిని, అంతకంటే ఎంతో మసక పద్ధతులు సరైన క్షణాన్ని పట్టుకుని చెప్పగలిగాయి.

కొత్తగా చేరిన వాళ్లందరికీ నేను మొదటి వారంలో చెప్పే కథ ఇదే. స్పష్టత అంకె వెంట పరిగెత్తే అలవాటు అక్కడితో కొంచెం తగ్గుతుంది.

ఇప్పుడు ఆల్ఫాఫోల్డ్ సంగతి. దాన్ని తక్కువ చేసి మాట్లాడను. ఒకప్పుడు ప్రొటీన్‌ను ఎక్కడ కోయాలో తేల్చడానికి ఆరేడు క్లోన్లు, అంటే వేర్వేరు పొడవుల ముక్కలు, చేసి చూసేవాళ్లం. ఇప్పుడు ముందస్తు నిర్మాణం తెరిచి, ఏ హెలిక్స్ (మెలి తిరిగిన ముక్క) ఎక్కడ ముగుస్తుందో చూసి, ఒకటి రెండు క్లోన్లతో సరిపెట్టుకుంటున్నాం. మసక మ్యాపులో, అంటే ప్రయోగంలో వచ్చిన త్రీడీ బొమ్మలో, ఏ ముక్క ఏ ప్రొటీన్‌దో గుర్తుపట్టడానికి కూడా దానంత సాయం ఇంకొకటి లేదు. కానీ మోటారు విషయంలో అది ఇచ్చేది ఒక భంగిమ. ఏ దశకి చెందిన భంగిమ అంటే, శిక్షణలో ఎక్కువగా చూసిన దశకి అని చెప్పుకోవాలి. 2024లో వచ్చిన ఆల్ఫాఫోల్డ్ 3కి ఏటీపీనో ఏడీపీనో కూడా ఇవ్వొచ్చు. ఇచ్చి చూడండి. చాలాసార్లు ఏటీపీ కూర్చునే జేబులో అణువు మారుతుంది, ఒళ్లు మాత్రం కదలదు. మీకు కావలసింది ఆ కదలికే కదా. పొడవాటి కాయిల్డ్-కాయిల్ (హెలిక్సులు పెనవేసుకున్న) తోకలను అది తరచూ కర్రలా తిన్నగా పెడుతుంది. నిజానికి కైనెసిన్ పని లేనప్పుడు మధ్యలో మడుచుకుని, తోకను తెచ్చి తలల మీద పెట్టుకుని మోటారును తానే ఆపేసుకుంటుంది.

ఇంకొక మాట. కణ విభజనలో పనిచేసే కైనెసిన్-5ని ఆపే మోనాస్ట్రాల్ అనే చిన్న అణువును 1999లో కనుక్కున్నారు. అది వెళ్లి కూర్చునే జేబు, ఏటీపీ జేబుకు దూరంగా, మందు లేనప్పటి క్రిస్టల్‌లో తెరుచుకుని లేదు. మందు వచ్చి కూర్చున్నాకే ఆ జేబు ఏర్పడింది. మందు లేని బొమ్మను ఎంతసేపు తేరిపార చూసినా ఆ చోటు దొరికేది కాదు. గుండె కండరంలోనూ ఇంతే. 2022లో అమెరికాలో అనుమతి వచ్చిన మావాకామ్టెన్ అనే మందు కండరపు మోటారైన మయోసిన్ తలలను ముడుచుకుని విశ్రాంతి తీసుకునే స్థితివైపు నెడుతుంది. ఆ ముడుచుకున్న స్థితి ఒకటుందని తెలియకపోతే ఆ మందు ఎలా పనిచేస్తుందో అర్థమే కాదు.

క్రిస్టల్ పెంచడం గురించి రెండు ముక్కల్లో ముగిస్తాను. చిన్న తల భాగానికి, మందు అణువుతో కలిపి చూడటానికి, ఇప్పటికీ మంచి పద్ధతి. కానీ పట్టా మీద కూర్చున్న మోటారును క్రిస్టల్‌లో చూడలేరు, ఎందుకంటే మైక్రోట్యూబ్యూల్ క్రిస్టల్‌గా పెరగదు. 1993లో ఐవాన్ రేమెంట్ బృందం కోడి కండరపు మయోసిన్ తలను క్రిస్టల్ చేయడానికి దాని మీదున్న లైసీన్లన్నిటినీ రసాయనికంగా మార్చాల్సి వచ్చింది. అంత తంటా పడ్డారు కాబట్టే ఆ నిర్మాణం దక్కింది. మీ మార్గదర్శి దగ్గర క్రిస్టల్ రోబో ఖాళీగా ఉందని చెప్పి దాంట్లోకి దిగకండి.

ఇక అసలు పని. క్రయో-ఈఎంలో సమయమంతా మైక్రోస్కోప్ దగ్గర గడుస్తుందని అందరూ అనుకుంటారు. నా అనుభవంలో ముప్పాతిక వంతు గొడవ అంతకు ముందే, ట్యూబులోనే ఉంటుంది.

కైనెసిన్ తల బాక్టీరియాలో సులువుగా తయారవుతుంది. మీకు కైనెసిన్ చెప్పడానికి మొదటి కారణం అదే. మొదటి 349 అమైనో ఆమ్లాల ముక్క తీసుకుంటే ఒంటరి తల, 560 దాకా తీసుకుంటే నడవగల జంట. కొత్తవాళ్లు ఒంటరి తలతో మొదలుపెట్టడం మేలు. జంటలో ఒక తల పట్టాను పట్టుకుని ఉంటే రెండోది ఎక్కడుందో తేల్చడం వేరే యుద్ధం.

శుద్ధి చేసేటప్పుడు బఫర్‌లో, అంటే ప్రొటీన్ ఉంచే ద్రావణంలో, మెగ్నీషియం, కొంచెం ఏటీపీ ఎప్పుడూ ఉండాలి. జేబు ఖాళీ అయితే కైనెసిన్ మెల్లగా చెడిపోతుంది. చెడిపోయిన తలలు జెల్ మీద మంచివాటిలాగే, అదే చోట, అంతే ముద్దుగా కనిపిస్తాయి. అందుకే మేము ఒక అదనపు మెట్టు వేస్తాం. ప్రొటీన్‌ను మైక్రోట్యూబ్యూల్స్‌తో కలిపి, ఏటీపీని పోలిన ఏఎంపీపీఎన్‌పీ ఇచ్చి గట్టిగా పట్టుకోనిచ్చి, సెంట్రిఫ్యూజ్‌లో కిందికి దింపుతాం. తర్వాత ఏటీపీ, కాస్త ఉప్పు ఇచ్చి వదిలిస్తాం. పట్టుకోవడం, అడిగినప్పుడు వదలడం రెండూ చేతనైన తలలే ఈ పరీక్ష దాటి వస్తాయి. పట్టుకుని వదలనివి గొట్టాలతోపాటు అడుగున మిగిలిపోతాయి. దిగుబడి సగానికి పడిపోతుంది. పడిపోనివ్వండి.

మైక్రోట్యూబ్యూల్స్ దగ్గర జరిగిన ఒక ముచ్చట చెప్తాను. మా దగ్గర ఒక కుర్రాడు ఉండేవాడు, చాలా శ్రద్ధగల పిల్లవాడు. ప్రొటీన్ అంటే మంచులో పెట్టాలని వాడికి ఎవరో గట్టిగా నేర్పారు. ట్యుబులిన్‌ను 37 డిగ్రీల దగ్గర జీటీపీ అనే అణువుతో గొట్టాలుగా పెంచాడు, ట్యాక్సాల్ కలపబోతూ ఫోన్ వచ్చిందని ట్యూబును అలవాటుగా మంచులో గుచ్చి వెళ్లాడు. తిరిగొచ్చి మిగతా పనంతా తు.చ. తప్పకుండా చేశాడు. మూడు రోజుల తర్వాత మైక్రోస్కోప్‌లో చూస్తే గ్రిడ్ నిండా చుక్కలే, ఒక్క గొట్టం లేదు. మైక్రోట్యూబ్యూల్ చలికి విడిపోతుంది. ట్యాక్సాల్ లాంటిది పట్టి ఉంచకపోతే మంచులో కాసేపట్లో మళ్లీ విడి ట్యుబులిన్ అయిపోతుంది. పాపం, తప్పు ఎక్కడుందా అని వాడు రెండు వారాలు కైనెసిన్‌ను అనుమానించాడు. అప్పటి నుంచి మా బల్ల మీద ఆ ట్యూబులకు వేరే రాక్ ఉంది, దాని దగ్గరికి మంచు డబ్బా రానివ్వం.

గ్రిడ్ దగ్గర కొన్ని మెలకువలు ఉన్నాయి. మోటారునీ గొట్టాలనీ ముందే ట్యూబులో కలిపేస్తే కట్టలు కట్టేస్తాయి, జంట తలలైతే మరీను. ముందు గొట్టాలను గ్రిడ్ మీద పోసి, కాసేపు ఆగి, ఆపైన మోటారును పదుల మైక్రోమోలార్ గాఢతలో వేయండి. కైనెసిన్, ట్యుబులిన్ ఒకదాన్నొకటి పట్టుకునేది ఎక్కువగా విద్యుదావేశాల వల్ల, అందుకని బఫర్‌లో ఉప్పు ఎక్కువైతే తలలు రాలిపోతాయి. ప్రొటీన్ నిల్వ చేసిన బఫర్‌లోని ఉప్పు కూడా లెక్కలోకి వస్తుంది, చాలామంది దీన్ని మరిచిపోతారు. వడపోత కాగితంతో అద్ది, ద్రవ ఈథేన్‌లోకి దింపే ముందు గది మరీ చల్లగా లేకుండా చూసుకోండి. కారణం పైన చెప్పిందే.

ఇక దశను పట్టుకోవడం. ఏటీపీ పట్టుకున్న స్థితికి ఏఎంపీపీఎన్‌పీ, లేదా ఏడీపీతోపాటు అల్యూమినియం ఫ్లోరైడ్. జేబు ఖాళీగా ఉన్న స్థితికి అపైరేజ్ అనే ఎంజైమ్. ఇది మిగిలిపోయిన ఏటీపీ, ఏడీపీలను తినేస్తుంది. ఇక్కడ నాకే ఒక దెబ్బ తగిలింది. ఒకసారి ఖాళీ స్థితి అనుకుని డేటా అంతా తీశాం, మ్యాపు బ్రహ్మాండంగా వచ్చింది. జేబులోకి చూస్తే ఏదో నిండుగా కూర్చుని ఉంది. ఏటీపీ ఉన్న నిల్వ బఫర్ నుంచి నేరుగా గ్రిడ్‌కి వెళ్లిపోయాం, అపైరేజ్ వేయడం నేనే మరిచాను. ఆ మ్యాపు మంచి మ్యాపే, నేను అనుకున్న క్షణానిది కాదు, అంతే. అప్పటి నుంచి మ్యాపు రాగానే ముందు జేబు చూడటం, తర్వాతే మిగతా ఒళ్లు చూడటం అలవాటు చేసుకున్నాను.

డేటా లెక్కల్లో ఒక అందమైన మెలిక ఉంది, మీకు నచ్చుతుంది. ట్యుబులిన్‌లో ఆల్ఫా, బీటా అని రెండు భాగాలు. దూరం నుంచి చూస్తే కవలలే. మైక్రోట్యూబ్యూల్ గొట్టం చుట్టూ ఒకచోట మాత్రం అతుకు ఉంటుంది, ఆ గీత వెంబడి ఆల్ఫా పక్కన బీటా వస్తుంది, మిగతా అంతటా ఆల్ఫా పక్కన ఆల్ఫా, బీటా పక్కన బీటా. ఈ అతుకు ఎక్కడుందో తెలియకుండా సగటు తీస్తే రెండూ కలిసిపోయి బొమ్మ చెడుతుంది. కవలలను గుర్తుపట్టేదెలా? కైనెసిన్ ప్రతి జంటకూ ఒకటే కూర్చుంటుంది, 8 నానోమీటర్లకొకటి, ఎప్పుడూ అదే చోట. అంటే మీరు చదవాలనుకున్న మోటారే గొట్టం మీద గుర్తు పెట్టి అతుకు పట్టిస్తుంది. తలలు పలచగా కూర్చుంటే ఈ లెక్క తడబడుతుంది. నిండుగా కూర్చోబెట్టమని నేను పట్టుబట్టేది అందుకు కూడా.

స్పష్టత అంకె గురించి ఒక హెచ్చరిక. ఈ రకం నిర్మాణాలు ఇప్పుడు 3 ఆంగ్‌స్ట్రామ్‌ల దరిదాపుల్లో వస్తున్నాయి. ఆ అంకె మ్యాపు మొత్తానికి సగటు. గొట్టం గోడ బాగుంటుంది, బయటికి పొడుచుకొచ్చిన మోటారు అంచు దానికంటే మసకగా ఉంటుంది. పైగా నూటికి అరవై చోట్లే తలలు కూర్చుంటే మోటారు సాంద్రత ఇంకా పలచబడుతుంది. నెక్ లింకర్ కనబడలేదంటే అది ఊగుతోందని వెంటనే రాసేయకండి. తలలు తక్కువగా కూర్చున్నాయేమో ముందు చూసుకోండి. కూర్చున్న చోట్లను లేనిచోట్ల నుంచి విడదీసి మళ్లీ లెక్క వేస్తే సగం అనుమానాలు అక్కడే తీరిపోతాయి.

మీరు మనసు పడ్డ డైనీన్‌ని ఎందుకు వద్దంటున్నానంటే, అది వేరే జంతువు. 1965లో ఇయాన్ గిబ్బన్స్ దానికి పేరు పెట్టారు, సీలియా (కణం మీద వెంట్రుకల్లా ఉండి కదిలేవి) నుంచి తీసి. పెద్ద గొలుసు ఒక్కదానిలోనే సుమారు 4,600 అమైనో ఆమ్లాలు. కైనెసిన్ తల 350 లోపే. బాక్టీరియాలో పూర్తి గొలుసు రాదు, కీటక కణాల్లో చేయాలి. ఆరు భాగాల ఉంగరం ఒకటి, దాన్నుంచి పొడవాటి కాడ ఒకటి, ఆ కాడ కొసన మైక్రోట్యూబ్యూల్‌ను పట్టుకునే చిన్న బొడిపె. ఏటీపీ విరిగేది ఉంగరంలో, పట్టా పట్టుకునేది దానికి సుమారు 25 నానోమీటర్ల అవతల. ఇక్కడ ఏటీపీ విరిగిందని అక్కడి బొడిపెకు ఎలా తెలుస్తుంది? కాడలో పెనవేసుకున్న రెండు హెలిక్సులు ఒకదాని మీద ఒకటి కొంచెం జారుతాయి, ఆ జారుడే కబురు. నాకు ఈ రంగంలో ఇప్పటికీ ఆశ్చర్యంగా అనిపించే సంగతి ఇదే.

డైనీన్ మోటారు క్రిస్టల్ నిర్మాణాలు 2011, 2012ల్లో గాని రాలేదు, కైనెసిన్ తర్వాత పదిహేనేళ్లకు. అప్పటికీ క్షీరదాల డైనీన్ ఒంటరిగా సరిగ్గా నడిచేది కాదు. డైనాక్టిన్ అనే పెద్ద ప్రొటీన్ గుంపు, సరుకును కలిపే అడాప్టర్ ఒకటి, రెండూ తోడైతేనే దూరాలు నడుస్తుందని 2014లో చూపించారు. ఒంటరిగా ఉన్నప్పుడు రెండు మోటార్లూ ఒకదాన్నొకటి పట్టుకుని గ్రీకు అక్షరం ఫై ఆకారంలో ముడుచుకుని ఉంటాయి. అంటే మీరు డైనీన్ తీసుకుంటే ముందు రెండు మూడు పెద్ద ప్రొటీన్ గుంపులు తయారుచేయడం నేర్చుకోవాలి. పీహెచ్‌డీ సగం దానికే పోతుంది. అనుభవం ఉన్న ల్యాబ్‌లో, ముందే అన్నీ ఫ్రీజర్లో ఉంటే సంగతి వేరు.

మయోసిన్ మీరు అడగలేదు గాని ఒక్క మాట. కండరపు మయోసిన్ తల బాక్టీరియాలో మడత పడదు, దానికి ప్రత్యేక సహాయ ప్రొటీన్లు కావాలి. గుండె మయోసిన్ కావాలంటే ఎలుక కండర కణాల్లో పెంచుతారు. కైనెసిన్, మయోసిన్ అమినో ఆమ్లాల వరసలు పక్కపక్కన పెడితే ఎవరూ చుట్టాలనుకోరు. 1996 నిర్మాణం వచ్చాక చూస్తే రెండిటి లోపలి కీలక భాగం ఆకారం ఒకటే. ఆ రోజు దాకా ఎవరూ ఊహించలేదు.

కణం లోపల నేరుగా చూడటం అన్న మీ చివరి ప్రశ్నకు వద్దాం. పద్ధతి ఉంది, క్రయో టోమోగ్రఫీ. కణాన్ని గడ్డకట్టించి, అయాన్ పుంజంతో చెక్కి 100 నుంచి 200 నానోమీటర్ల పలచని పలకగా చేసి, దాన్ని వంచుతూ బొమ్మలు తీసి, త్రీడీలో తిరిగి కూరుస్తారు. ఇది ఎక్కడ గెలుస్తుందంటే ఒకే ఆకారం వందల వేలసార్లు వరసగా వచ్చే చోట. సీలియాలో డైనీన్లు 96 నానోమీటర్లకొకసారి అదే వరసలో మళ్లీ వస్తాయి, కాబట్టి వాటిని సగటు తీయొచ్చు. 2006కే ఆ దారిలో మంచి బొమ్మలు వచ్చాయి. కండరంలో మయోసిన్ పోగులు కూడా అంతే, 2023లో గుండె కండరపు పోగుల నిర్మాణాలు ఈ దారిలోనే బయటపడ్డాయి.

సైటోప్లాజంలో సరుకు మోస్తున్న ఒంటరి కైనెసిన్ మాటేమిటి? దాని తల 40 కిలోడాల్టన్ల లోపు, ఏడు నానోమీటర్ల ముద్ద. చుట్టూ రైబోజోములు, పొరలు, ఇంకా పేరు తెలియని వేల ప్రొటీన్లు కిక్కిరిసి ఉంటాయి. తిరునాళ్లలో తప్పిపోయిన పిల్లవాడిని మేడ మీద నుంచి తల చూసి గుర్తుపట్టమన్నట్టు ఉంటుంది. గొట్టం, దాని పక్కన సరుకు సంచి, రెండిటి మధ్య సన్నని దారం లాంటిది కనబడొచ్చు. అది కైనెసినో డైనీనో చెప్పడమే కష్టం, ఏ దశలో ఉందో చెప్పడం ఇంకా కష్టం. కణంలోనే చూడాలన్న పట్టుదల ఉంటే సీలియా ఎంచుకోండి. లేదా నిర్మాణం పక్కనపెట్టి కదలికను చూడండి. 2023లో మిన్‌ఫ్లక్స్ అనే కాంతి పద్ధతితో కైనెసిన్ అడుగులను బతికున్న కణాల్లోనే లెక్కపెట్టారు.

కదలిక మాట వచ్చింది కాబట్టి, మొదట్లో చెప్పిన చలన పరీక్షను వదలొద్దు. గాజు పలక మీద కైనెసిన్‌ను అతికించి, రంగు వేసిన మైక్రోట్యూబ్యూల్స్, ఏటీపీ పోస్తే గొట్టాలు పాముల్లా జరజరా పాకుతాయి. ఒక సాయంత్రం పని. పాకకుండా ఒక కొస అతుక్కుని కొట్టుకుంటుంటే మీ దగ్గర చచ్చిన తలలు ఉన్నాయని అర్థం, ఆ ప్రొటీన్‌తో గ్రిడ్ చేయకండి. నిర్మాణం తేల్చలేని గొడవలు కూడా కదలికే తేల్చింది. కైనెసిన్ తలలు ఒకదాన్నొకటి దాటుకుంటూ నడుస్తాయా, లేక ఒకటి ఎప్పుడూ ముందే ఉండి రెండోదాన్ని ఈడుస్తుందా అన్నది చాలాకాలం నలిగింది. 2004లో ఒక తలకే రంగు అంటించి చూస్తే ఆ తల 16 నానోమీటర్లు దూకి, తర్వాతి అడుగులో కదలకుండా ఉంది. అంటే మనం నడిచినట్టే, కాలు మార్చి కాలు. 8 నానోమీటర్ల అడుగు అన్నది మొత్తం ఒంటి లెక్క, తల లెక్క దానికి రెట్టింపు. ఎన్ని క్రిస్టల్ నిర్మాణాలు ముందేసుకున్నా ఈ సంగతి వాటిలో కనిపించదు.

ప్రోగ్రామింగ్ రాదని చివర్లో భయపడుతూ రాశారు. లైనక్స్ కమాండ్ లైన్ మీద చేయి తిరిగితే చాలు. పైథాన్ అవసరం పడ్డప్పుడు నేర్చుకోవచ్చు, ఫైళ్ల పేర్లు మార్చడం, పట్టికలు చదవడం దాటి మొదటి ఏడాది పెద్దగా పని పడదు. అంతకంటే ముందు పైపెట్ పట్టే చేయి స్థిరపడనివ్వండి.

మీరు ఏ కుటుంబపు కైనెసిన్ అనుకుంటున్నారో, మీ ల్యాబ్‌లో ట్యుబులిన్ మీరే శుద్ధి చేస్తారో కొంటారో కింద రాయండి. బఫర్, ఉప్పు గాఢతల వివరాలు దాన్ని బట్టి చెప్తాను. కైనెసిన్-3 అయితే ఉప్పు విషయంలో పైన రాసిన జాగ్రత్త కొంచెం మారుతుంది, దాని తల మీద లైసీన్లు గుత్తిగా ఉన్న వంపు ఒకటి గొట్టాన్ని మరింత గట్టిగా పట్టుకుంటుంది.